అత్తగారి బొటనవేలు, పదమూడో అధ్యాయం

ప్రశ్న: మాస్టారికి వందనాలు. మాది పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. మా అత్తగారికి 68 ఏళ్లు. చదువు తక్కువే అయినా బైబిలు కూడబలుక్కుని రోజూ చదువుతారు. పోయిన నెలలో మా దగ్గర మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు గుడ్డ మీద వేసిన పెద్ద పటం కట్టి బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని పది కొమ్ముల మృగాన్ని, యూరప్ దేశాలను, చివర్లో ఒక వేలిముద్ర యంత్రాన్ని చూపించాడు. ఆ మృగం అందరి కుడిచేతి మీదో నుదుటి మీదో ముద్ర వేయిస్తుందని, అది లేనివారు కొనలేరు, అమ్మలేరని 13వ అధ్యాయంలో ఉంది, ఆ ముద్ర ఈ వేలిముద్రేనన్నాడు. మరుసటి వారమే రేషన్ డిపోలో ఈ-కేవైసీ మొదలైంది. కార్డులో పేరున్న ప్రతివారూ వేలు పెట్టాలట, లేకపోతే పేరు తీసేస్తారట. అత్తగారిని బతిమాలి తీసుకెళ్లాను. మూడుసార్లు పెట్టినా యంత్రం తీసుకోలేదు. "చూశావా, దేవుడే నా చేతిని కాపాడాడు" అని లేచి వచ్చేశారు. "ఎడమ బొటనవేలు పెట్టమ్మా, మీ బైబిల్లో కుడిచెయ్యి అనే కదా ఉంది" అని డీలరు నవ్వాడు. దాంతో ఇంకా బిగుసుకుపోయారు. తిత్లీ తుఫాను రాత్రి మా ఇంటి గోడ కూలినప్పటి నుంచి ఆమెకు అంత్యదినాల భయం పట్టుకుంది. కాశీబుగ్గలో ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కొట్టి, మనవడి ఐటీఐ ఫీజుకని దాచిన డబ్బు కూడా కూటముల ఖర్చుకు ఇచ్చేస్తానంటున్నారు. లోకమే ఉండనప్పుడు చదువెందుకు అంటున్నారు. ఆమెతో వాదించే జ్ఞానం నాకు లేదు. ప్రకటన గ్రంథంలోని గుర్తులను ఎలా చదవాలి? ఆమెకు ఏమని చెప్పాలి?
— ఒక కోడలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు పట్టుకున్నది డీలరు మాట. ఆయన హాస్యానికి అన్నాడు, ప్రసంగీకుడు గంభీరంగా అన్నాడు, ఇద్దరూ చదివిన పద్ధతి మాత్రం ఒక్కటే. కుడిచెయ్యి అంటే కుడిచెయ్యే, ముద్ర అంటే వేలిముద్రే. ఆ పద్ధతిలో చదివితే డీలరు చెప్పిందే సరైన పరిష్కారం, ఎడమ వేలు పెట్టేస్తే సరిపోతుంది. అది మీ అత్తగారికి నచ్చలేదంటే, ముద్ర అన్నది వేలితో తేలే విషయం కాదని ఆమె మనసుకు ఎక్కడో తెలుసు. మీరు మాట మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.

నేను పాస్టరును కాను. తెలుగు పాఠం చెప్పి రిటైరై, ఆదివారాలు పిల్లలకు వాక్యం నేర్పినవాణ్ణి. అందుకే నా చూపు మొదట మాట మీదికి పోతుంది. 13వ అధ్యాయంలో మృగం వేయించేదాన్ని మన బైబిలు 'ముద్ర' అన్నది. డిపోలో వేసేది వేలిముద్ర. రెండు చోట్లా ఒకే మాట వినబడేసరికి ఆమె గుండె జారింది. కానీ అదే గ్రంథంలో గొఱ్ఱెపిల్ల, అంటే క్రీస్తు, విప్పే ఏడూ ముద్రలే. 7వ అధ్యాయంలో దేవుని దాసుల నొసళ్ల మీద దూత వేసేదీ ముద్రే. గ్రీకులో ఇవి రెండు వేరు మాటలు. గ్రంథపు చుట్టకూ దేవుని దాసులకూ వేసేది 'స్ఫ్రగిస్'. మృగం వేసేది 'ఖరగ్మ', అంటే నాణేల మీద, పత్రాల మీద కొట్టే అచ్చుకూ, పశువులకు వేసే వాతకూ వాడిన మాట. అనువాదకులు రెండింటికీ ఒకే తెలుగు మాట వాడారు. వారిది తప్పని అనను, అప్పటికి రేషన్ డిపోలో యంత్రం లేదు మరి. కానీ తెలుగంటే నాకెంత ప్రేమ ఉన్నా, ఒక తెలుగు సమాసం మూలంగా ఒక పెద్దావిడ నెలకు 5 కిలోల బియ్యం పోగొట్టుకుంటే ఒప్పుకోలేను.

ఈ సందర్భంలోనే ఒక మాట. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు గ్రాంథికం మీద యుద్ధం చేసి వందేళ్లు దాటింది. 1936లో ఒడిశా ఏర్పడి మన ఊళ్లు ఇటు వచ్చాయి, తెలుగు బైబిలు మనతోనే ఉండిపోయింది. అది ఇప్పటికీ 'ఘటసర్పము', 'క్రయవిక్రయములు' అంటూనే ఉంది. ఆ భాష చెవికి గంభీరంగా ఉంటుంది, నాకు ఇష్టమే. కాకపోతే అర్థం కాని ప్రతి మాటా చదివేవారికి రహస్యంలాగా తోస్తుంది. ఆ రహస్యాన్ని విప్పుతానని పటం పట్టుకుని వచ్చేవాడికి అంతకంటే కావలసిందేముంది?

మీ అత్తగారి బైబిల్లో 13వ అధ్యాయం చివర మృగం సంఖ్య 666 దగ్గర పెన్సిలు గీత ఉండే ఉంటుంది. ఆ గీత దాటి ఒక్క వచనం చదవమనండి. అధ్యాయాల విభజన ఈ గ్రంథం రాసిన యోహాను పెట్టింది కాదు, 13వ శతాబ్దంలో వచ్చింది. వచనాల అంకెలు ఇంకా వెనక, కొత్త నిబంధనకు 1551లో పడ్డాయి. యోహాను రాసిన చుట్టలో మృగం సంఖ్య చెప్పి, మళ్లీ ఊపిరి తీసుకోకముందే సీయోను పర్వతం వస్తుంది. దాని మీద గొఱ్ఱెపిల్ల, ఆయనతో 1,44,000 మంది, వారి నొసళ్ల మీద ఆయన నామమూ ఆయన తండ్రి నామమూ. రెండు ముద్రలూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో తర్వాతివాళ్లు అంకె పెట్టి గోడ కట్టారు. ఆ రెండోదాన్ని ఎవరి నుదుటి మీదైనా కంటితో చూశారా అని ఆమెను అడగండి. మీ సంఘంలో బాప్తిస్మం పొందినవారందరి నుదుళ్లూ వెతికినా ఏమీ కనబడదు. కనబడకపోయినా అది నిజమని ఆమె నమ్ముతున్నారు కదా. మృగముద్ర కూడా ఆ జాతికి చెందినదే.

చెయ్యి, నుదురు అన్న జోడీ కూడా యోహాను కొత్తగా కల్పించింది కాదు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుని మాటలను చేతికి సూచనగా కట్టుకోవాలని, కన్నుల నడుమ 'బాసికమువలె' ఉండాలని ఉంది. బాసికం! ఆ మాట వేసిన అనువాదకుడి చేతిని కళ్లకద్దుకోవాలనిపిస్తుంది నాకు. చర్చి పెళ్లిళ్లలో మనలో చాలామంది బాసికం మానేశారు గానీ, ఆ మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. నుదుట బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్న పిల్లను చూసి, ఆ దారం ఎంత పొడవుందని ఎవరూ కొలవరు. ఆమె ఎవరితో జీవితం ముడివేసుకుంటోందో చూస్తారు. మోషే మాట వింటూ పెరిగినవారికి చెయ్యి అంటే చేసే పని, నుదురు అంటే తలపు. ఆ రెండూ ఎవరికి కట్టుబడి ఉన్నాయన్నదే యోహాను అడిగిన ప్రశ్న.

ఇక గుర్తుల సంగతికి వద్దాం. మన పల్లెల్లో పొడుపు కథ వేస్తే ఒక మర్యాద ఉంది, పొడిచినవాడే విప్పిన తర్వాత ఇంకొకడు వేరే విడుపు చెప్పకూడదు. ప్రకటన గ్రంథం చాలా చోట్ల తన పొడుపును తానే విప్పింది. ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలని 1వ అధ్యాయం చివరి వచనంలోనే ఉంది. ఘటసర్పం సాతాను అని 12వ అధ్యాయంలో ఉంది. వేశ్య కూర్చున్న జలములు ప్రజలు, జనసమూహములు అని 17లో ఉంది. పాత నిబంధనలోని దానియేలు గ్రంథం 8లో కూడా పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనీ మేకపోతు గ్రేకుల రాజనీ గబ్రియేలు దూతే వచ్చి చెప్పాడు. అంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా ఆ మేకపోతు మెడకు నేటి దేశం పేరు ఒకటి కట్టి తిప్పేవారిని నేను చూశాను. ఇది దూతకు పాఠం చెప్పడమే.

గ్రంథం తానుగా విప్పని చోట పాత నిబంధన వైపు తిరగాలి. సముద్రంలోంచి లేచిన మృగాన్నే తీసుకోండి. చిరుతపులి రూపం, ఎలుగుబంటి పాదాలు, సింహపు నోరు, పది కొమ్ములు, ఏడు తలలు. దానియేలు 7వ అధ్యాయంలో సింహం, ఎలుగుబంటి, చిరుతపులి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నాలుగోదానికి పేరు లేదు, ఇనుప పళ్లూ పది కొమ్ములూ ఉన్నాయి. చిరుతపులికి నాలుగు తలలు, తక్కినవాటికి ఒక్కొక్కటి. కూడితే ఏడు. అంటే దానియేలు విడివిడిగా చూసిన నాలుగు రాజ్యాల క్రౌర్యాన్ని యోహాను ఒకే తోలులో కుట్టాడు. ఆ సంఘాల్లో కూర్చుని వింటున్నవారికి దానియేలు తెలుసు గనుక ఈ కుట్టు తెలుస్తుంది. మనకు దానియేలు తెలియక, దినపత్రికలో వెతుకుతాం.

మూడో దారి, ఆ మాటలు మొదట విన్నవారి చెవులతో వినడం. దీనికి మన తెలుగువారికంటే మంచి ఉదాహరణ ఎవరికీ దొరకదు. బస్సులో ఎవరైనా "ఏడుకొండలవాడా" అన్నారనుకోండి. ఏ కొండలు, ఎన్ని కొండలు అని మీరు లెక్కపెడతారా? మీది ఏ మతమైనా ఆ మాట ఎక్కడికి పోతుందో క్షణంలో తెలుస్తుంది. అలాగే ఆ కాలంలో మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్నవారికి ఏడు కొండలు అనగానే రోము నగరం తట్టేది. క్రీ.శ. 71లో వెస్పాసియను చక్రవర్తి కొట్టించిన ఒక నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చుని ఉంటుంది. 17వ అధ్యాయంలో స్త్రీ కూర్చున్న ఏడు తలలు ఏడు కొండలని, ఆమె భూరాజులను ఏలే మహానగరమని చదివినప్పుడు స్ముర్నలోనో ఎఫెసులోనో ఉన్న విశ్వాసి చేతిసంచిలోని నాణేన్ని తలచుకుని ఉంటాడు. (పోలిక మాట వినే తీరు వరకే. తిరుమలకూ ఈ అధ్యాయానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరైనా కలిపి చెబితే నమ్మకండి, పొరుగువారిని నొప్పించడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.)

సంఖ్య కూడా అంతే. మన పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పేవారు, చంద్రుడంటే 1, కన్నులంటే 2, వేదాలంటే 4, ఋతువులంటే 6. చదివేవాడికి అది మర్మం కాదు, అలవాటు. గ్రీకులు, యూదులు అక్షరాలనే అంకెలుగా వాడేవారు గనుక ప్రతి పేరుకూ ఒక మొత్తం ఉండేది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరపు గోడ మీద ఒక ప్రేమికుడు, ఎవరి సంఖ్య 545 ఓ ఆమెను ప్రేమిస్తున్నానని గీకాడు. ఆమె ఎవరో మనకు తెలియదు, అతని ఊళ్లో తెలిసేవారికి తెలిసే ఉంటుంది. అలాగే రోమా చక్రవర్తి నీరో బిరుదైన 'నీరో కైసరు'ను, గ్రీకులో పలికినట్టు 'నేరోన్ కైసర్' అని హెబ్రీ అక్షరాల్లో రాసి కూడండి. 50, 200, 6, 50, 100, 60, 200. మొత్తం 666. 'నేరోన్' చివరి 'న' వదిలి లాటిన్ పద్ధతిలో పలికితే 50 తగ్గి 616 అవుతుంది. ఐగుప్తులో (ఈజిప్టులో) దొరికిన ఒక ప్రాచీన ప్రతిలో సరిగ్గా 616 అనే ఉంది. ఎక్కువమంది పండితులు నీరో వైపు మొగ్గడానికి కారణం ఇదే. అందరూ ఒప్పుకున్నారని మాత్రం చెప్పను. 180 ప్రాంతంలో రాసిన బిషప్పు ఐరేనియస్ కూడా 616 అన్న పాఠం గురించి విన్నాడు, అది తప్పన్నాడు. రెండు మూడు పేర్లు లెక్కగట్టి చూపించాడు కూడా. చూపించిన తర్వాత, తొందరపడి ఎవరి పేరూ ఖాయం చేయకండి, ఈ కాలంలో ఆ పేరు బయటపెట్టడం అవసరమైతే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడు అన్నాడు. ఈ మాటను మీ ఊరికి వచ్చే ప్రతి ప్రసంగీకుడికీ మంచినీళ్ల గ్లాసుతో పాటు ఇవ్వాలి.

అసలు సంగతి ఇప్పుడు. ఆ ముద్ర లేకపోతే కొనడం, అమ్మడం కుదరదు అన్న మాట ఆనాటివారికి ఎలా వినబడింది? గ్రంథం అందుకున్న ఏడు సంఘాలూ నేటి టర్కీలో ఉన్నవి. పెర్గములో చక్రవర్తికి గుడి ఉండేది. వ్యాపారుల సంఘాల విందులు విగ్రహాల ముందు జరిగేవి, వాటికి పోనివాడికి బేరం దొరకడం కష్టమయ్యేది. సుమారు 112లో ఆ పక్క రాష్ట్రమైన బితూనియకు అధిపతిగా ఉన్న ప్లినీ, ట్రాజను చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. అది ఇప్పటికీ ఉంది. క్రైస్తవులని ఫిర్యాదు వచ్చినవారిని ఏం చేశాడో అందులో చెప్పాడు. మీరు క్రైస్తవులా అని మూడుసార్లు అడిగేవాడు, మధ్యలో శిక్ష గుర్తుచేసేవాడు. అవునని నిలబడినవారిని చంపించేవాడు. కాదన్నవారు చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించి, క్రీస్తును దూషించాలి. అప్పుడు వదిలేవాడు.

యంత్రం కూడా మీ అత్తగారిని మూడుసార్లు అడిగింది. ఏమని అడిగింది? ఈ పేరు, ఈ వేలు ఒకరివేనా అని. ఆ వేలు పెట్టినందుకు ఎవరి ప్రతిమకు మొక్కమన్నారు? ఎవరిని దూషించమన్నారు? 13వ అధ్యాయంలో ముద్రకు ముందు వచనంలోనే మృగం ప్రతిమకు నమస్కరించడం ఉంది, 14వ అధ్యాయంలో దూత చేసే హెచ్చరికలోనూ మొదట నమస్కారం, ఆ తర్వాతే ముద్ర. ఆ రెండూ విడిపోవు. ఏమరుపాటున, బియ్యం సంచి పట్టుకుని వరుసలో నిలబడి ఉండగా, తెలియకుండా పడిపోయే ముద్ర ఈ గ్రంథంలో ఎక్కడా లేదు. మన రాష్ట్రంలోనే 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ఇళ్లు కాలి శిబిరాల్లో తలదాచుకున్న విశ్వాసులున్నారు. మీరు ఎవరివాళ్లన్న ప్రశ్న వారికి నిజంగా, ముఖాముఖి, భయంకరంగా ఎదురైంది. దాన్ని, డిపో ముందు వరుసనూ ఒకే గాట కట్టడం వారి కన్నీటికి అగౌరవం.

ప్రసంగీకుణ్ణి పూర్తిగా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. నిష్ఠగల విశ్వాసులే ఈ గ్రంథాన్ని నాలుగు రకాలుగా చదువుతారు. చాలావరకు ఆ కాలంలోనే జరిగిందనేవారు, చరిత్ర పొడుగునా జరుగుతూ వస్తోందనేవారు, ఎక్కువ భాగం ఇంకా జరగాలనేవారు, ఎప్పుడూ జరిగే పోరాటానికి చిత్రమనేవారు. మీ సంఘం వీటిలో మూడో రకానిదై ఉంటుంది, ఉండనివ్వండి. ముందు ముందు ఒక మృగం రావలసి ఉందని నమ్మినా, అది అడిగేది ఆరాధననే అన్న మాట మారదు. కొరాపుట్, జయపురం వైపు లూథరన్ సంఘాలు ఎక్కువ కదా, ఆ పేరుకు మూలమైన మార్టిన్ లూథరే 1522లో ఈ గ్రంథానికి ముందుమాట రాస్తూ ఇది తన మనసుకు ఒదగడం లేదన్నాడు. 1530లో ఆ ముందుమాట తీసేసి వేరేది రాశాడు. అంతటివాడు ఎనిమిదేళ్లలో మనసు మార్చుకున్న చోట, మూడు రాత్రుల కూటాల్లో అన్నీ తేల్చేస్తానంటే కొంచెం అనుమానించాల్సిందే.

పటాల మీద నాకు పాత పగ ఉంది, దాచుకోను. నా యవ్వనంలో కూడా గుడ్డ పటం వచ్చింది. 1981లో గ్రీసు చేరడంతో యూరప్ కూటమిలో సరిగ్గా పది దేశాలయ్యాయి. పది కొమ్ములు! నేను నోట్‌బుక్‌లో పదింటి పేర్లూ రాసుకుని, రాత్రి నిద్రపోలేదు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండు అయ్యాయి. ఇప్పుడు ఇరవై ఏడు. మృగానికి అన్ని కొమ్ములు ఎవరూ గీయలేరు గనుక ఆ పటం మెల్లగా మాయమైంది. తప్పు చెప్పామని ఏ ప్రసంగీకుడూ వచ్చి చెప్పలేదు. మీ ఊరి పటంలో ఇంకా పదే ఉన్నాయంటే గుడ్డ పాతదై ఉండాలి.

అదే 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది. ఆ ఊరి పేరుకు అక్కడి భాషలో మాచిపత్రి జాతి మొక్క అని అర్థం. 8వ అధ్యాయంలో నీళ్లను చేదుచేసిన నక్షత్రం పేరు మన బైబిల్లో మాచిపత్రి! ఇంకేం, కూటాలు హోరెత్తాయి. మాచిపత్రి మనకు వినాయక చవితి పత్రిలో చేరే ఆకు, చేదుకు పేరు. యిర్మీయా చదివినవారికి మాత్రం, విగ్రహాల వెంట పోయిన ప్రజలకు చేదు తినిపిస్తాను, విషజలం తాగిస్తాను అన్న దేవుని మాట వెంటనే గుర్తుకొస్తుంది. నక్షత్రం అక్కడి నుంచి రాలింది. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని నమ్మిన, విలియం మిల్లరు అనే బోధకుడి వెంట నడిచిన అమెరికా రైతుల్లో కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రోజు వచ్చింది, పోయింది, చలికాలం వచ్చింది.

పంట మాట వచ్చింది గనుక డబ్బు సంగతి. ఇందులో నేను మెత్తగా చెప్పను. ఆ డబ్బు కూటాలకు ఇవ్వకూడదు. అంత్యదినం దగ్గరపడిందని పనులు మానుకున్న థెస్సలొనీకయ సంఘాన్ని పౌలు గట్టిగా మందలించాడు. అంతకంటే ఆమెకు నచ్చే కథ యిర్మీయా 32లో ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడి వేసి ఉంది, ఆ పట్టణం పడిపోతుందని చెబుతున్నది స్వయంగా యిర్మీయాయే. అలాంటి సమయంలో అతను ఏం చేశాడు? అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులతో సంతకాలు చేయించి, క్రయపత్రం చాలా రోజులు నిలవాలని మట్టికుండలో పెట్టించాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని దేవుడు చెప్పాడు గనుక. ఆ అధ్యాయం ఆమె చేతే చదివించండి. చదివిన తర్వాత ఐటీఐ ఫీజు రసీదు ఏ కుండలో పెట్టాలో అడగండి.

తిత్లీ గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గాలి శ్రీకాకుళాన్ని విరిచింది, వాన మన గజపతి కొండలను జార్చింది. ఆ రాత్రి గోడ కూలిన ఇంట్లో కూర్చున్న మనిషికి లోకాంతం అన్న మాట గుడ్డ మీది బొమ్మ కాదు. ఆ భయాన్ని అజ్ఞానమని తీసేయకండి. ప్రకటన గ్రంథానికి అలాంటివారి భయం బాగా తెలుసు. 6వ అధ్యాయంలో నల్లగుఱ్ఱం మీద త్రాసు పట్టుకుని ఒకడు వస్తాడు. దేనారమునకు ఒక సేరు గోధుమలు అన్న స్వరం వినబడుతుంది. దేనారం అంటే ఒక కూలి రోజు కూలి. ఆ సేరు ఒక మనిషికి ఒక రోజు తిండి. అంటే రోజంతా కష్టపడినవాడు తన ఒక్క పొట్టే నింపుకోగలడు, ఇంట్లో పిల్లలకు ఏమీ మిగలదు. నూనెకూ ద్రాక్షారసానికీ మాత్రం లోటు రాదు, అవి ఉన్నవారివి. రోజు కూలి మీద బతికిన మీ అత్తగారికి ఈ వచనం ఏ పటం లేకుండానే అర్థమవుతుంది. తిండి దొరకకపోవడాన్ని ఈ గ్రంథం విపత్తు అన్నది. చివరి అధ్యాయంలో దేవుడు నాటిన చెట్టు నెలనెలా కాస్తుంది. ఇంటికి వచ్చే బియ్యాన్ని వదులుకోవడం భక్తి అని అందులో ఎక్కడా లేదు.

ఇవన్నీ ఒక్క పూటలో చెప్పకండి. వాదించకండి కూడా. స్త్రీల సమాజంలో ఆమె మాట వినే స్నేహితురాలు ఎవరైనా ఉంటే ముందు ఆమెతో కూర్చుని 13, 14 అధ్యాయాలు కలిపి చదవండి, తర్వాత ముగ్గురూ చదవండి. మీ పాస్టరు గారి భార్య అమ్మగారు వస్తే ఇంకా మంచిది.

ఒప్పుకున్న రోజున మీరూ వెంట వెళ్లండి. మొదటిసారి యంత్రం తీసుకోకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టిన వేళ్లవి. పెంకులోని జీడి చర్మాన్ని కాల్చి వేలి గీతలను తినేస్తుంది. అలాంటి వేళ్లను యంత్రం ఈసారీ ఒకటి రెండుసార్లు కాదనవచ్చు, దాన్ని మళ్లీ సూచన అనుకోవద్దని ఇంట్లోనే చెప్పి బయల్దేరండి. చేతులు కడిగి తుడిచి, వేరే వేళ్లు కూడా పెట్టి చూడమనండి. అదీ కుదరకపోతే కంటిపాపను చూసే యంత్రం ఉంటుంది. దాన్ని ముఖం దగ్గరికి తెచ్చి నుదుటి కింద పెడతారు. ఆ సంగతి మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే 'నొసటియందైనను' అన్న మాట గుర్తొచ్చి మళ్లీ లేచి వచ్చేస్తారు.